తోక మనిషి వచ్చేదాకా

జర్మనీ సరిహద్దు పక్కనున్న మా టోండర్‌లో సైకిల్ ప్రయాణం వేసేవాళ్ళు ముందు దారి చూడరు, గాలి చూస్తారు. సముద్రం మీంచి వచ్చే పడమటి గాలికి అడ్డం పడేందుకు ఇక్కడ కొండ లేదు, అడవి లేదు. ఒంట్లో ఓపిక ఉన్న పొద్దుటిపూట గాలికి ఎదురెళ్ళాలి, సాయంత్రం అదే గాలి వీపు మీద చెయ్యేసి ఇంటికి తీసుకురావాలి. ఈ ముక్క తెలియక తిరగేసి వేసుకున్న పట్నం జంటలు తిరుగుదారిలో సైకిళ్ళు దిగి నడుస్తూ, నీవల్లంటే నీవల్లని రోడ్డు మీదే దెబ్బలాడుకోవడం మేం ప్రతి వేసవిలోనూ చూస్తాం. చూసి, చెయ్యూపి, 'మొయిన్' అని పలకరించి మా దారిన మేం పోతాం.

మా సైకిలు సంఘానికి బోటిల్లా వేసిన ప్రయాణంలో అలాంటి పొరపాటు ఏనాడూ దొర్లలేదు. ఆ మంగళవారం సాయంత్రం ఆమె వంటింటి బల్ల మీద పటం పరిచి, మూలలు లేవకుండా కాఫీ కప్పులు పెట్టి, పెన్సిలుతో దారి చూపిస్తోంది. టోండర్ నుంచి సరిహద్దు దాటి జర్మనీ వైపు ఆవెన్‌టోఫ్ట్, అక్కణ్ణుంచి గాలికి ఎదురుగా రోజెన్‌క్రాన్జ్, అక్కడ కాఫీ. మళ్ళీ సరిహద్దు దాటి ఇటు రుద్‌బోల్, ఆ పైన హోయర్ దగ్గర సముద్రపు కరకట్ట. కట్ట మీద కాసేపు కూచుని, గాలిని వీపున పెట్టుకుని ఇల్లు. పెన్సిలు సరిహద్దు గీతని రెండుసార్లు దాటింది. సైకిలు సంఘంలో ఆ గీతని పట్టించుకునేవాళ్ళు లేరు. అటుపక్క బీరు చవక, ఇటుపక్క కేకులు బాగుంటాయి, అంతే తేడా.

బల్లకి అవతల ఇద్దరు కూర్చున్నారు. థాడె సంఘానికి అధ్యక్షుడు. బీమా ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి దిగినవాడు, ఏ మాటన్నా ఇస్త్రీ చేసి గాని బయటపెట్టడు. ఎబ్బా తన పూలకొట్టు అమ్మేసి సంఘంలో చేరింది. నోట్లో నువ్వుగింజ నానదు గాని, ఆమె లేని ప్రయాణంలో నవ్వుండదు. ఇద్దరివీ బ్యాటరీ సైకిళ్ళే. సంఘంలో ఇప్పుడు దాదాపు అందరివీ అవే.

"దారి బాగుంది," అన్నాడు థాడె. "కట్ట దాకా వెళ్ళాలని అందరికీ ఉంది. గొర్రెపిల్లలు కూడా వచ్చేసి ఉంటాయి. కానీ ఆస్ముస్ సంగతేంటి?"

ఎబ్బా బిస్కట్టు కాఫీలో ముంచుతూ, "ఏం, ఎందుకు రాడూ? వస్తాడు. మర్నాడు పొద్దుటికి," అంది.

థాడె నవ్వాడు. బోటిల్లాకీ నవ్వొచ్చింది. నవ్వాక ఒంటికి ఏదో అంటుకున్నట్టయింది. ఇదే బల్ల దగ్గర, ఇప్పుడు ఎబ్బా కూచున్న కుర్చీలోనే కూచుని, ఆస్ముస్ ఎన్నో వేసవులు ఆమెతో కలిసి ఈ దారులన్నీ వేశాడు.

"నవ్వులాట కాదులే," అన్నాడు థాడె. "బ్యాటరీ పెట్టించుకోమంటే పెట్టించుకోడు. ఫోను తెచ్చుకోమంటే ఇంట్లో సొరుగులో భద్రంగా ఉందంటాడు. ఆయన కోసం గుంపంతా నత్తనడక నడవాలి. రావద్దని ఎవరూ అనరు. ఆ మాట నేనూ అనను. ఏదన్నా మర్యాదైన దారి చూడు బోటిల్లా. నువ్వైతే చూడగలవు." బోర్లా పెట్టిన తన ఫోను వీపు మీద వేలితో తట్టాడు. "ఈ రోజుల్లో దారులు ఇదే వేసిపెడుతుంది గాని, మాకైతే నీ పెన్సిలంటేనే ఇష్టం."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. మొగుడు పోయాక, ఉద్యోగం అయిపోయాక, బోటిల్లాని ఊళ్ళో నలుగురూ పలకరించేది ఈ పెన్సిలు మూలంగానే. ఆమె పటం మీదికి వంగింది.

మా సంఘంలో ఒక పద్ధతుంది. గుంపు పొడుగ్గా సాగిపోతుంది కాబట్టి, ప్రతి మలుపులోనూ ముందు మనిషి వేలు చూపిస్తే అతని వెనకే ఉన్న మనిషి అక్కడ దిగి కావలి నిలబడాలి. వచ్చేవాళ్ళకి చెయ్యి చాపి దారి చూపించాలి. అందరికంటే వెనక పసుపుపచ్చ జాకెట్టు వేసుకుని తోక మనిషి వస్తుంది. తోక దాటాకే కావలి కదలాలి. వాన కురిసినా, పిడుగు పడినా సరే, తోక కనబడేదాకా కాలు తియ్యకూడదు. ఈ నియమం పుణ్యమా అని మావాళ్ళలో ఒక్కరైనా ఇంతవరకూ తప్పిపోలేదు. కావలి నిలబడటంలో ఆస్ముస్‌ని మించినవాడు లేడని ఎబ్బా కూడా ఒప్పుకుంటుంది. తోక మనిషి ఆవిడేగా మరి.

"ఇదిగో," అంది బోటిల్లా. పెన్సిలు రుద్‌బోల్ దగ్గర, అడవిపందులు రాకుండా సర్కారు సరిహద్దు పొడుగునా కట్టిన కంచె పక్కన ఆగింది. "పందుల కంచె గేటు దాటగానే ఈ మలుపు. ఎడమకి కట్ట, కుడికి టోండర్. కుడివైపు దారంతా గాలి వీపునే. థాడె, ముందుండేది నువ్వేగా, కాఫీ అయ్యాక ఆస్ముస్‌ని నీ వెనకే బయల్దేరదీసి, ఇక్కడ కావలి పెట్టు. గుంపు దాటిపోయాక ఆయన కుడికి తిరిగి హాయిగా ఇల్లు చేరతాడు. పని చేసి వెళ్ళినట్టుంటుంది, పంపించేసినట్టుండదు."

"నేను దాటానంటే నా వెనకే తగులుకుంటాడు," అంది ఎబ్బా. "నన్ను చూస్తేనే ఆయనకి హుషారు."

"నువ్వు ఆ మలుపుకి రావు. కాఫీ హోటలు వెనక కాలువగట్టు మీద ఇంకో దారుంది, ఇంకో గేటు కూడా ఉంది. అటు వచ్చి ముందు మమ్మల్ని కలుసుకో. తోక కోసం చూడొద్దు, అందరూ దాటగానే ఇంటికెళ్ళిపొమ్మని ఆయనకి ముందే చెప్పేద్దాం."

థాడె పటాన్నీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. "పామూ చావాలి, కర్రా విరగకూడదు. భేష్. చెప్పడం మాత్రం నువ్వే చెప్పాలి. నీ మాటైతే నొచ్చుకోడు."

"చెబుతాలే," అంది బోటిల్లా. తన ఉపాయం తనకే నచ్చింది. అందరికీ ఇంకో విడత కాఫీ పోసింది.

*

గురువారం ఆమె కబురు పెట్టకుండానే ఆస్ముస్ వచ్చాడు. ఆయన సైకిలు వచ్చిన చప్పుడు వినబడదు. గొలుసుకి నూనె, చక్రాలకి గాలి, బ్రేకులకి కొత్త రబ్బర్లు, అన్నీ వేళకి పడతాయి. బతుకంతా మందుల కొట్లో తూకాలు తూచిన మనిషి. గుమ్మం బయటే బూట్లు విప్పి, మేజోళ్ళతో వంటింట్లోకొచ్చి, చేతులు కడుక్కున్నాడు. వేళ్ళకి నల్లటి మడ్డి.

"రుద్‌బోల్ గేటు దాకా వెళ్ళొచ్చా," అన్నాడు. "స్ప్రింగు బిగుసుకుపోయింది. ఆడవాళ్ళు ఒక చేత్తో సైకిలూ ఇంకో చేత్తో గేటూ పట్టుకుని అవస్థ పడతారని నూనె వేసొచ్చా. పందుల కోసం కంచె కట్టింది సర్కారు, నూనె మాత్రం నాది."

బోటిల్లా కాఫీ పెట్టింది. చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదని ఆమెకి తెలుసు. ఇల్లంతా నిశ్శబ్దం, వినేవాళ్ళు లేరు.

"శనివారం గాలి జాస్తిగా ఉంటుందట," అంది.

"గాలి లేకపోతే అది మన ఊరెలా అవుతుంది?"

"కట్ట మీద మరీనట."

"కట్ట మీద ఎప్పుడూ మరీనే."

"నిరుడు నువ్వు బాగా అలిసిపోయావు, ఆస్ముస్."

మా వైపు ఒక మాటని ఇంతకంటే సూటిగా చెప్పడం మోటతనం. ఇక్కడితో అవతలివాళ్ళు అర్థం చేసుకోవాలి. అర్థం చేసుకుని, "ఈసారి నాకు వేరే పనుంది" అనాలి. ఆస్ముస్ ఆ మర్యాదలన్నీ తెలిసినవాడే గాని, ఆ మాట తన గురించి వస్తోందని ఆయన బుర్రకి తట్టనే లేదు. కప్పు కింద పెట్టి, ప్యాంటు కాలు పైకి లాగి, పిక్క చూపించాడు.

"పట్టుకు చూడు. రాయి. నిరుడు అలిసిపోయాననే ఈ ఏడు రోజూ సాయంత్రం మొగెల్‌టోండర్ దాకా తొక్కొస్తున్నా, అదీ ఎదురుగాలికి. నిరుడు కట్ట దాకా రాలేకపోయా, అక్కణ్ణుంచి సముద్రం చూసి రెండేళ్ళయింది. ఈసారి ఎవర్నీ ఆపను, చూడు."

ముసలి పిక్క తెల్లగా, నీలినరాలతో, నిజంగానే గట్టిగా ఉంది. బోటిల్లా నవ్వి, "ఉందిలే, ఉందిలే," అంది. అప్పుడు చెప్పలేకపోయింది. కాఫీ హోటల్లో చెబుదాం అనుకుంది. జనంలో చెబితే మాట తేలిగ్గా పోతుంది, ఆయన కూడా ఎక్కువ ప్రశ్నలు వెయ్యడు. ఇలాంటి వాయిదాలకి కారణాలు ఎప్పుడూ మంచివే దొరుకుతాయి.

*

శనివారం గాలి అనుకున్నంతా ఉంది. ఆవెన్‌టోఫ్ట్ నుంచి రోజెన్‌క్రాన్జ్ దాకా రెల్లు మొత్తం ఒకే వైపు వాలిపోయి కనిపించింది. బ్యాటరీల వాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ వెళ్ళిపోయారు. ఆస్ముస్ హ్యాండిల్ మీదికి వంగి, నోరు మూసుకుని, ముక్కుతో ఊపిరి తీస్తూ తొక్కాడు. వెనకే ఎబ్బా ఒంటిచేత్తో నడుపుతూ ఈల వేసింది. కాఫీ హోటలు చేరేసరికి అందరూ టోపీలు తీసి కూచున్నారు గాని, ఎవరూ ఆయన కోసం కాచుకున్నట్టు కనబడలేదు. ఆయన ముఖం ఎర్రగా, సంతోషంగా ఉంది.

"చూశావా? నిరుటికీ ఇప్పటికీ?" అంటూ బోటిల్లా పక్క కుర్చీలో కూలబడ్డాడు.

కేకు వచ్చింది. రై రొట్టె పొడి, క్రీము, నల్లద్రాక్ష జాము పొరలు పొరలుగా వేసింది. ఆస్ముస్ కత్తి తీసుకుని బల్ల మొత్తానికీ ముక్కలు కోశాడు. ఎవరికీ ఎక్కువా కాదు, తక్కువా కాదు. క్రీము ఎక్కువున్న కొస బోటిల్లా పళ్ళెంలో పెట్టాడు. అవతలి బల్ల దగ్గర్నుంచి థాడె కనుబొమలు ఎగరేశాడు. చెప్పావా అని. బోటిల్లా తలూపింది. 'చెబుతున్నా' అనే ఊపింది. థాడెకి అది 'చెప్పా' అనే కనిపించి ఉంటుంది. అతను నిశ్చింతగా తన కేకు తిన్నాడు.

"ఆస్ముస్, ఆ మలుపు దగ్గర..." అని ఎత్తుకుంది.

"మలుపు నాకొదిలెయ్!" అన్నాడు ఆస్ముస్. గొంతు తగ్గించాడు, గొప్ప చెప్పుకుంటున్నాడని ఎవరైనా అనుకుంటారేమోనని. "థాడె ఇందాకే అడిగాడు, గేటు అవతల కావలి నిలబడతావా అని. నన్ను అడిగి ఎంతకాలమయిందో. ఇక నేను పనికిరానని తీసి పక్కన పెట్టేశారేమో అనుకున్నా, నిజం చెబుతున్నా. తిను, తిను, క్రీము కారిపోతోంది."

బోటిల్లా కేకు తింది. క్రీముతో సహా మొత్తం తింది. తినేసరికి కుర్చీలు జరుగుతున్నాయి, జనం లేస్తున్నారు, ఆస్ముస్ అందరికంటే ముందు బయటికెళ్ళి థాడె వెనక చక్రం కలిపి నిలబడ్డాడు. ఎబ్బా చేతితొడుగులు వెతుక్కుంటున్నట్టు నటిస్తూ హోటలు వెనక్కి తప్పుకుంది.

గేటు వేలితో తోస్తే తెరుచుకుంది. "ఎవరో నూనె వేసినట్టున్నారే," అన్నారు ఎవరో. మలుపు దగ్గర థాడె వేలు చూపించాడు. ఆస్ముస్ దిగి, సైకిలు గడ్డిలో స్టాండు వేసి, ఎడమ దారి వైపు చెయ్యి భుజానికి సమంగా చాపి నిలబడ్డాడు. బోటిల్లా గుంపు మధ్యలో ఉంది. ఆయన దగ్గరికి వచ్చేసరికి గాలి మీద మాట ఎగిరొచ్చింది.

"ఎబ్బా వెనకే ఉందిగా?"

ఆగొచ్చు. గొలుసు ఊడిందని అబద్ధమాడైనా ఆగొచ్చు. ముందూ వెనకా సైకిళ్ళు, పక్కన ఇంకొకావిడ గొర్రెపిల్లల గురించి ఏదో చెబుతోంది. ఇప్పుడు ఆగి, అందరి ముందూ, నువ్వు రావద్దు అని చెప్పడమా? బోటిల్లా బొటనవేలు బెల్లు మీద పడింది. ట్రింగ్ మని మోగించి, నవ్వి, దాటిపోయింది. ఎంతసేపని చూస్తాడు, కాసేపు చూసి ఆయనే వెళ్ళిపోతాడు, చిన్నపిల్లాడా ఏమన్నానా అనుకుంది. కట్ట ఎక్కేదాకా అదే అనుకుంది.

*

కట్ట మీద గొర్రెపిల్లలు తల్లుల వెనక దాక్కున్నాయి. సముద్రం వెనక్కి పోయి, బురద మైదానం బూడిదరంగులో మెరుస్తోంది. ఎబ్బా కాలువగట్టు మీంచి వచ్చి కలిసింది. "మన కావలి మొనగాడు ఈపాటికి ఇల్లు చేరి కాళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకుని ఉంటాడు," అంది. అందరూ ఫోటోలు దిగారు. కాసేపటికి వాన పట్టుకుంది. సన్నవాన కాదు, అడ్డంగా కొట్టే వాన. గొడుగు పని చెయ్యని వాన. హోయర్‌లో చూరుకింద చాలాసేపు తలదాచుకుని, తగ్గే సూచన లేక, తడుస్తూనే మొగెల్‌టోండర్ దారి పట్టారు. వీపు మీద గాలి కాబట్టి ఎవరికీ కోపం రాలేదు. ప్రయాణం బాగా వేశావని ఇద్దరు ముగ్గురు బోటిల్లాని మెచ్చుకున్నారు.

టోండర్ చౌరస్తాలో సైకిళ్ళు ఆపి విడిపోబోతుండగా థాడె ఫోను మోగింది. సంఘం జాకెట్ల లోపల అధ్యక్షుడి నంబరు కుట్టి ఉంటుంది. వాన చప్పుడులో వినబడక థాడె ఫోను గొంతు పెంచి చేతిలో పట్టుకున్నాడు, కాబట్టి అందరూ విన్నారు.

"సరిహద్దు గస్తీ పోలీసులం," అంది ఒక కుర్రగొంతు. "మీవాడు ఒక పెద్దాయన రుద్‌బోల్ మలుపులో దొరికాడండీ. మధ్యాహ్నం ఒకసారి అటు పోయినప్పుడు చూశాం, సాయంత్రం తిరిగొస్తుంటే అక్కడే ఉన్నాడు. చెయ్యి చాపుకుని. తడిసి ముద్దయిపోయాడు. ఎవరినన్నా దొంగతనంగా దాటిస్తున్నాడేమోనని ఆపాం. ఎవరి కోసమయ్యా అంటే తోక కోసం అంటాడు. పందుల కంచె పక్కన నిలబడి తోక రావాలంటే మేమేమనుకోవాలి చెప్పండి?"

ఎబ్బా నోటికి చెయ్యడ్డం పెట్టుకుంది. ఆగలేదు నవ్వు. పక్కవాళ్ళకీ అంటుకుంది.

"వ్యానెక్కమంటే ఎక్కడు," కుర్రగొంతు కొనసాగింది. "తోక రాకుండా కదలకూడదట. ఇది ఏ సంవత్సరం, ఇవాళేం వారం అని అడిగితే కోప్పడ్డాడు. చివరికి ఇద్దరం రెక్కలు పట్టుకుని ఎక్కించాం. సైకిలుతో సహా ఇంటి దగ్గర దించేశాం. ఒంటరిగా వదలకండి, సరేనా?"

థాడె ఫోను జేబులో పెట్టుకున్నాడు. నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి. "బోటిల్లా, నువ్వు ఆయనకి చెప్పావుగా?" అన్నాడు. నిలదీసినట్టు కాదు, మామూలుగానే అడిగాడు.

బోటిల్లా గడ్డం కింద టోపీ పట్టీ విప్పుకుంటోంది. వేళ్ళు కొంకర్లు పోయి కొక్కెం రావడంలేదు. గడ్డం కిందికీ పైకీ కదిలింది. అది తలూపడమే. ఎవరు చూసినా తలూపడమే.

"అయితే మొదలైందన్నమాట," అంది ఎబ్బా. ఈసారి నవ్వలేదు. "పాపం. అంత బుర్ర ఉన్న మనిషికి."

"ఓడెన్సేలో వాళ్ళమ్మాయి ఉంది, నేను మాట్లాడతా," అన్నాడు థాడె. "ఇక మీదట సంఘం ప్రయాణాలకి ఆయన్ని తీసుకెళ్ళడం క్షేమం కాదు. ఇందులో ఎవరి తప్పూ లేదు." అందరూ అవునవునన్నారు. తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నవాళ్ళు కూడా ముఖాలు బరువుగా పెట్టుకున్నారు.

ఆదివారం బోటిల్లా ఫోను తీసి ఆస్ముస్ నంబరు నొక్కింది. అవతల మోగకముందే పెట్టేసింది. సోమవారం రొట్టె కొట్టు వరసలో ఇద్దరు ఆడవాళ్ళు ఈ కథే చెప్పుకుంటున్నారు. వాళ్ళ కథలో ఆస్ముస్ జర్మనీ ఎటో తెలియక ఏడ్చాడు. బోటిల్లా తన రొట్టె తీసుకుని, "అంత లేదులెండి," అంది. అంతకుమించి ఏమీ అనలేదు. ఆ మాటకి వాళ్ళు ఆమె మంచితనాన్ని మెచ్చుకున్నట్టు చూశారు.

*

మంగళవారం మళ్ళీ పటం పరిచారు. ఈసారి తూర్పుకి, ఫ్లెన్స్‌బర్గ్ అఖాతం వైపు. నెమ్మదిగా తొక్కేవాళ్ళు లేరు కాబట్టి ఎంత దూరమైనా వెయ్యొచ్చని థాడె అన్నాడు. ఎబ్బా దారిలో ఏ హోటల్లో హెర్రింగ్ చేపలు బాగుంటాయో చెబుతోంది. అప్పుడు తలుపు చప్పుడైంది.

ఆస్ముస్. గడ్డం నున్నగా గీసుకుని, తెల్లచొక్కా మీద టై కట్టుకుని ఉన్నాడు. వెనక సైకిలు, తుడిచి మెరుస్తోంది. జలుబు చేసినట్టుంది, గొంతు బొంగురుపోయింది.

"లోపలికి రాను. ఒక్క మాట అడిగి పోతా," అన్నాడు.

బోటిల్లా బయటికొచ్చి తన వెనక తలుపు దగ్గరికి లాగింది. గడియ పడేదాకా లాగింది. లోపలివాళ్ళకి ఇక ఏమీ వినబడదు.

"శనివారం నాకు మొత్తం గుర్తుంది," అన్నాడు ఆస్ముస్. నేల చూస్తూ, మందుచీటీ చదివినంత నిదానంగా చెప్పాడు. "కాఫీ గుర్తుంది, కేకు గుర్తుంది. గేటు దాటి ఎవరి వెనక ఎవరొచ్చారో గుర్తుంది. నువ్వు బెల్లు కొట్టావు. తోక రాదు, నువ్వెళ్ళిపో అని నువ్వు నాతో అన్నావని థాడె చెబుతున్నాడు. అదొక్కటే లేదు. మూడు రోజులుగా వెతుకుతున్నా. ఎక్కడా దొరకడంలేదు."

బోటిల్లా తలుపు పిడి మీంచి చెయ్యి తియ్యలేదు.

"మా అమ్మకి ఇలాగే మొదలైంది. అన్నీ ఉండేవి, మధ్యలో ఒకటి పోయేది. చివరికి నన్ను చూసి, మందుల కొట్టు వాడొచ్చాడు, డబ్బులిచ్చి పంపండి అనేది. అదీ పూర్తిగా తప్పు కాదనుకో." నవ్వబోయి దగ్గాడు. "ఎల్లుండి మా అమ్మాయి వచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది. ఆ గదిలోకి వెళ్ళేముందు నాకు తెలియాలి. నువ్వు చెప్పడం మరిచిపోయి ఉంటే, అలాగే చెప్పు బోటిల్లా. మనుషులన్నాక మరిచిపోతారు. ఆ హడావుడిలో నేనైనా మరిచిపోదును. థాడెకి చెప్పను, ఎబ్బాకి చెప్పను. ఊరంతా నాకే మతిపోయిందనుకోనీ, నాకేం పోయింది? నాకు ఒక్కడికి తెలిస్తే చాలు. చెప్పావా?"

ఆయన తలెత్తి చూశాడు. నిద్రలేని కళ్ళు. అంత ఆశగా ఎవరూ బోటిల్లా ముఖంలోకి చూసి చాలా కాలమయింది.

లేదు అంటే చాలు. ఖర్చు కూడా లేదు. ఆ ఖర్చంతా ఆయనే పెట్టుకుంటానంటున్నాడు. సరిగ్గా అదే ఆమెకి భరించరానిదయింది. ఇప్పుడు లేదంటే, ఈ ఊళ్ళో ఒక మనిషికి ఆమె ఏమిటో తెలిసిపోతుంది. ఆ మనిషి ఎవరికీ చెప్పడు, రొట్టె కొట్టు దగ్గర కనబడినప్పుడల్లా 'మొయిన్' అని నవ్వుతాడు, క్షమించిన కళ్ళతో చూస్తాడు. బతికినన్నాళ్ళూ చూస్తాడు. బోటిల్లాకి ఆస్ముస్ మీద కోపమొచ్చింది. గేటు దాటాక, వాన మొదలవగానే, మామూలు మనిషిలా ఇంటికి పోయి ఉంటే ఇదంతా ఉండేదా?

"చెప్పాను," అంది.

ఆస్ముస్ కదల్లేదు.

"కాఫీ దగ్గరే చెప్పాను. రెండుసార్లు చెప్పాను. సరే అన్నావు."

"సరే అన్నానా?"

"అన్నావు."

"రెండోసారి ఎందుకు చెప్పాల్సొచ్చింది?"

"మొదటిసారి నువ్వు విననట్టనిపించింది."

ఆయన ఆ మాట కూడా తీసుకున్నాడు. తల పంకించాడు, కావలసిన కొలత దొరికినట్టు. ముఖంలో ఏడుపేమీ లేదు. సామాను ఎత్తేసిన ఇంటిలా ఖాళీగా అయిపోయింది.

"నిజం చెప్పినందుకు థాంక్స్," అన్నాడు. "నీకూ కష్టంగానే ఉండుంటుంది."

సైకిలు తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె వద్దనేలోపే వేళ్ళు మూసేశాడు. ఆయన వేళ్ళు జ్వరంతో కాలుతున్నాయి.

"ఇది ఇక్కడ ఉండనీ. తల సరిగా లేనివాడు రోడ్డు మీద తొక్కకూడదు. ఎవరి పిల్లాడన్నా చక్రం కింద పడితే? సంఘంలో ఎవరికన్నా పనికొస్తే ఇచ్చెయ్యి. మొన్ననే బ్రేకులు మార్చా."

లోపల్నుంచి ఎబ్బా నవ్వు తలుపు చెక్కలోంచి సన్నగా వినబడింది. ఆస్ముస్ మెట్లు దిగాడు. ఒకటీ, ఇంకొకటీ, కాలు ఆనిందో లేదో చూసుకుంటూ దిగాడు. గేటు తీసి వీధిలోకి వెళ్ళాడు. ఆయన ఇల్లు అక్కడికి రెండు వీధుల అవతల. పుట్టింది ఆ ఇంట్లోనే.

రోడ్డు అంచున ఆగి కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. మళ్ళీ కుడివైపు చూశాడు. వెనక్కి తిరిగాడు.

"మా ఇంటికి ఇటే కదూ?" అని అడిగాడు.

"ఇటే," అంది బోటిల్లా.

ఆమె చెప్పాకే ఆయన అడుగేశాడు.